అద్దంలో లేనివాడి మీద ఆర్మూర్ తీర్పు

హైదరాబాద్,
డిసెంబర్ 12, 1988.

తాతకు గంగమణి నమస్కారాలు.

నేను క్షేమం. టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో డ్యూటీ మళ్ళీ ఉదయం పూటకు మారింది. బాపమ్మ మోకాళ్ళ నొప్పి ఎలా ఉందో రాయి.

ఈ ఉత్తరంతో పాటు ఒక పార్సిల్ పంపుతున్నాను. అందులో ‘అద్దంలో లేనివాడు’ అనే నవల రెండు కాపీలు ఉన్నాయి. మా హాస్టల్లో ఉండే నా స్నేహితురాలు రాసింది. సంధ్యామాల అన్నది ఆమె కలం పేరు. మందాకిని అనే అమ్మాయి కొండ మీది బంగ్లాకు ఉద్యోగం మీద వెళ్ళి విహారి అనే అతన్ని ప్రేమిస్తుంది. అతను చనిపోయి వందేళ్ళయిందని ఆమెకు తెలియదు. మొత్తం మూడు పుస్తకాల కథ. ఇది మొదటిది.

ప్రచురణకర్త గంగాదాస్ గారు ఒక షరతు పెట్టారు. మార్చి నెలాఖరులోగా పాఠకుల నుంచి నలభై ఉత్తరాలు వస్తేనే రెండో పుస్తకం అచ్చు వేస్తారట. లేకపోతే రాతప్రతి తిరిగి ఇచ్చేస్తారట. అది పూర్తిగా రాసి ఆయన బల్ల మీదే ఉంది. ఇప్పటికి ఆయనకు వచ్చినవి ఆరు. అందులో రెండు మా హాస్టల్ వార్డెనే రాసింది.

నీ దుకాణానికి వచ్చేవాళ్ళందరూ నవలలు చదివేవాళ్ళే కదా. వాళ్ళ చేత చదివించి, పేరూ ఊరూ వేసి కార్డు రాయించు. మెచ్చుకోమని చెప్పకు. ఉన్నదున్నట్టు రాస్తే చాలు. ఇంకొక మాట. అన్నీ నీ దస్తూరీతో నువ్వే రాసి పంపకు. నాకు నీ సంగతి తెలుసు.

నువ్వు కూడా చదివి నీ అభిప్రాయం రాయి. వేళాకోళం వద్దు.

నీ మనవరాలు
గంగమణి

ఆర్మూర్,
జనవరి 4, 1989.

హైదరాబాద్ శహర్ల ఫోన్లు కలిపే గంగమణి మేడంకు, పసుపు మార్కెట్ గంజ్ గేటు ముంగట కిరాయి పుస్తకాల దుకాణం నడిపే ముత్తెన్న, ఉర్దూ మీడియం నాలుగో తరగతి, రాసేది ఏమంటే.

పార్సల్ ముట్టింది. మీ బాపమ్మ మోకాళ్లు గట్లనే ఉన్నయి. నోరు మాత్రం మంచిగ పనిచేస్తున్నది.

నీ దోస్తు పుస్తకం మూడు దినాలల్ల చదివిన. ముప్పై ఒకటో పేజీల బంగ్లా కావలి ముసలోడు ఉన్నడు గదా. ముక్కుపొడుం పీలుస్తడు, వచ్చినోళ్లందరికి అబద్ధాలు చెప్తడు, తను చెప్పిన జోకుకు తనే నవ్వుతడు. గిసొంటి ముసలోడు నీ దోస్తుకు ఎక్కడ దొరికిండో జర అడుగు. నాకు ఎవ్వరో తెల్సినోడే అనిపిస్తుండు. మీ బాపమ్మకు చదివి వినిపిస్తే ఆమె నా దిక్కు చూసి పొడుం డబ్బి తీసి దాచింది.

ఇగ జనం సంగతి. మా దుకాణంల రివాజు నీకు ఎర్కనే. పుస్తకం వాపస్ తెచ్చినోళ్లు ఆఖరు అట్టకు అతికించిన తెల్లకాయితం మీద తీర్పు రాసి పోవాలె. దాన్నే కార్డు మీద సుత రాయమని చెప్తున్న. ఇప్పటికి తొమ్మిది మంది రాసిండ్రు. దిల్ గట్టిగ చేసుకొని చదువు.

సైకిల్ దుకాణం ఖయ్యూమ్ ఏమన్నడంటే, మొదటి పేజీలనే వాడు సచ్చిండని చెప్పినంక ఇగ చదువుడు ఎందుకన్నడు. గంజ్‌ల తూకం కాంటా కాడ చిట్టీలు రాసే భోజన్న, గా పిల్ల ఎవరు, గా బంగ్లాకు ఎందుకొచ్చింది, ఏమీ చెప్పకుంటనే ఏడుపు మొదలుపెట్టిందన్నడు. చదివి చదివి తలకాయ నొచ్చిందట.

పసుపు కొమ్ములు ఏరే సాయవ్వకు చదువు రాదు. పగటీలి బువ్వ తినేతందుకు వచ్చినప్పుడు నలుగురు ఆడోళ్లను కూసోబెట్టుకొని వింటది, నేను చదువుత. ఆమెకు విహారి నచ్చలే. మన ఊరికైతే గిసొంటోడు రాకపోవు, గంజ్ పొలిమేరల అడుగుపెడితే పసుపు దుమ్ముకే తుమ్మి సస్తడు అన్నది. సచ్చినోడు మల్ల ఎట్ల సస్తడని నేనడిగిన. నా మీదికి చెంబు లేపింది.

నా అభిప్రాయమా. నాలుగో తరగతోనికి గంత పెద్ద పని చెప్తె ఎట్ల. ఆలోచిస్తున్న.

మీ తాత
ముత్తెన్న

హైదరాబాద్,
జనవరి 19, 1989.

తాతా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం సయించలేదు.

ఖయ్యూమ్ గారు అసలు పుస్తకం తెరిచారా? విహారి చనిపోయిన సంగతి నూట ఇరవై ఒకటో పేజీ దాకా ఎవరికీ తెలియదు. అంతదాకా దాచడానికి మా స్నేహితురాలు ఆ అధ్యాయాలు నాలుగుసార్లు తిరగ రాసింది. మొదటి పేజీలోనే చెప్పేశారని ఆయన ఎలా అంటారు? మందాకిని బంగ్లాకు ఎందుకు వచ్చిందో రెండో అధ్యాయం నిండా ఉంది. భోజన్న గారికి అది కనిపించలేదా? వీళ్ళు అట్ట చూసి, మధ్యలో నాలుగు పేజీలు తిప్పి తీర్పులు రాస్తున్నట్టున్నారు. అలాంటి కార్డులు నలభై వచ్చినా లాభం ఏమిటి?

నెమ్మదిగా, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా, వరుసగా చదవమని చెప్పు. ఇది నవల తాతా, క్యాలెండర్ కాదు.

సాయవ్వ మాట మాత్రం మా స్నేహితురాలికి నచ్చింది. కొండలూ మంచూ ఆమె ఎప్పుడూ చూడలేదు. అన్నీ ఇతర నవలల్లో చదివి రాసినవే. ఆ సంగతి ఎవరూ కనిపెట్టరనుకుంది.

నీ అభిప్రాయం ఇంకా రాలేదు. ఉన్నది ఇక రెండు నెలలే.

గంగమణి

ఆర్మూర్,
ఫిబ్రవరి 14, 1989.

కోపంల ఉన్న గంగమణికి తాత దీవెనలు.

నీ దోస్తు నాలుగుసార్లు తిరగ రాసిన సంగతి నీకెట్ల ఎర్క? పక్కల కూసోని దీపం పట్టినవా?

గంజ్‌ల పసుపు దిగుడు షురువైంది. నందిపేట్, ఆలూర్ దిక్కుకెళ్లి బండ్లు వరుసగ వస్తున్నయి. రైతులు కాంటా కోసం దినమంత ఆగాలె, తోచక నా దుకాణంల కూసుంటున్నరు. గిదే అదును అని ఒక్కొక్కరి చేతుల పుస్తకం పెడుతున్న. ఇప్పటికి ముప్పై ఒక్క కార్డులు డబ్బల వేసినం. ఒక్కటి సుత నా దస్తూరీ కాదు, సాయవ్వది తప్ప. ఆమె చెప్పింది, నేను రాసిన, ఆమె వేలిముద్ర పెట్టింది. పసుపు వేలు గదా, కార్డంత పచ్చగైంది.

తీర్పులు ఇప్పుడు జర మంచిగ వస్తున్నయి. రెండో పారి చదివినోళ్లకు కథ పట్టుబడుతున్నది. భోజన్న మాట మార్చిండు. మొదటిదాని కన్న తర్వాతది మంచిగున్నదని రాసిండు. ఖయ్యూమ్‌కు అయితే గా అద్దం కాడ నిద్ర పడ్తలేదట. మందాకిని అద్దం ముంగట నిలబడితే ఆమె మొఖం సుత అద్దంల లేదు, గంతే, పుస్తకం ఖతం. గిది ఏం పద్ధతి అని నా మీద లొల్లి పెట్టిండు. పిల్ల బతికున్నదా, సచ్చిందా, జవాబు చెప్పినంకనే పుస్తకం వాపస్ ఇస్త అన్నడు. నేను రాసిన్నా ఏమి? రెండు దినాలు తిప్పలు పెట్టి ఇచ్చిండు.

హబీబున్నీసా టీచర్ రాసిన తీర్పు మాత్రం నీకు పంపుడా వద్దా అని వారం దినాలు దగ్గర పెట్టుకున్న. ఆమె మొగుడు పోయి ఏడేండ్లాయె. బడి కాడికెళ్లి వచ్చి దుకాణంల నిలుసుండే చదివి పోతది, ఎక్కువ మాట్లాడది. ఆమె ఉర్దూల రాసింది, నేనే తెలుగు చేసిన. ‘సచ్చినోన్ని ప్రేమించుడు తప్పు కాదు, వింత సుత కాదు. కని గీ పుస్తకంల మందాకిని ఒక్క దినం సుత పొయ్యి ముట్టియ్యది, బట్టలు ఉతకది. సచ్చినోడు యాదికొచ్చేది పని నడుమనే. రాసిన పిల్లకు ఇంక ఎవ్వరూ పోలేదు అనిపిస్తున్నది. పోకుండనే ఉండాలె.’

నీ దోస్తుకు చెప్పు. ఏడ్వొద్దని సుత చెప్పు.

మీ తాత

హైదరాబాద్,
మార్చి 6, 1989.

తాతా,

నువ్వు ఏం చేశావో నాకు తెలియాలి. వెంటనే తెలియాలి.

మొన్న గంగాదాస్ గారు నన్ను ఆఫీసుకు పిలిపించారు. బల్ల మీద ఆర్మూర్ నుంచి వచ్చిన కార్డులు ముప్పై ఎనిమిది. సంతోషంగా కూర్చున్నాను. ఆయన ఒక్కొక్కటి తీసి నా ముందు పెట్టారు. ‘రెండో భాగం మొదటి భాగం కన్నా బాగుంది.’ ‘రెండో భాగం ముందు చదివి మొదటిది తర్వాత చదివినం.’ ‘మొదటి భాగం దొరకలేదు, రెండో భాగమే చదివిన, మంచిగున్నది.’ పంతొమ్మిది కార్డుల్లో ఇదే మాట.

తన బల్ల మీద కట్ట విప్పకుండా ఉన్న పుస్తకం ఆర్మూర్‌లో ఎలా చదువుతున్నారని అడిగారు. నేను రాతప్రతిని ఇంకెవరికో అమ్ముకున్నానట. వాళ్ళు దొంగతనంగా అచ్చు వేసి జిల్లాల్లో తిప్పుతున్నారట. నాకేమీ తెలియదన్నాను. ఆయన నమ్మలేదు. రెండో పుస్తకం వేసేది లేదన్నారు. ఇంకే ప్రచురణకర్తా నా పుస్తకం ముట్టుకోకుండా చూస్తానన్నారు.

అవును, నా పుస్తకం. రాసింది నేనే. నీకు మొదటి రోజు నుంచీ తెలుసని నాకూ తెలుసు. ముప్పై ఒకటో పేజీలో ముసలాయన నువ్వే. ఇష్టంగానే రాశాను. ఆర్మూర్ పిల్ల రాసిందంటే ఎవరూ చదవరని పేరు దాచుకున్నాను. నీ ముందు కూడా దాచడం నా తప్పు. అది వేరే సంగతి.

మూడేళ్ళు రాశాను తాతా, డ్యూటీ అయ్యాక హాస్టల్ భోజనాల గదిలో కూర్చుని. నవ్వులాటలు రాయకు. ఏం జరిగిందో రాయి.

గంగమణి

ఆర్మూర్,
మార్చి 10, 1989.

బిడ్డా గంగమణీ,

నవ్వుతలేను.

తప్పు నాదే. నువ్వు రెండే కాపీలు పంపినవు. నలభై మంది చదవాలె, మూడు నెలలే ఉన్నయి. ఒక్కొక్కరు వారం పెట్టుకుంటే ఎట్లయితది? లావు పుస్తకం ఏది వచ్చినా మా దుకాణంల నడిమికి కోసి రెండు చేస్తం. ఒకలు ముందటి సగం చదువుతుంటే ఇంకొకలు వెనుకటి సగం చదువుతరు. తర్వాత మార్చుకుంటరు. ముప్పై ఏండ్ల సంది గిట్లనే నడుస్తున్నది. ఎవ్వరూ తప్పు అనలే. నీ పుస్తకం సుత కుట్టు కాడ చూసి కోసిన. నూట ఇరవై కాడ తెగింది. ‘విహారి ఆమె చేతిని తన’ అని ఒక దాంట్ల ఆగింది. ‘గుండెకు ఆనించుకున్నాడు’ అని ఇంకోదాంట్ల మొదలైంది.

రెండు కాపీలు నాలుగు ముక్కలైనయి. ముందటి ముక్కలకు నీ అట్ట ఉన్నది. వెనుకటి ముక్కలకు దళసరి అట్ట వేసి, పేరు రాసి, కింద ‘రెండో భాగం’ అని పెద్ద అక్షరాలతోటి రాసిన. ఏది ఖాళీగ ఉంటే అది ఇచ్చిన. ఖయ్యూమ్‌కు, భోజన్నకు ముందుగాల వెనుకటి ముక్కనే దొరికింది.

నువ్వు జనవరిల గట్టిగ రాసినప్పుడే నాకు సమజైంది. చెప్పబోయిన. కని నీ పుస్తకాన్ని కత్తితోటి కోసిన అని ఏ మొఖం పెట్టుకొని రాయాలె? రెండో పారి చదివితే సర్దుకుంటది అనుకున్న. జోకులు రాసి దాటేసిన.

గంగాదాస్ సేటుకు ఇయ్యాలనే రాస్తున్న. కోసిన ముక్కలు సుత పంపుత.

తాత

హైదరాబాద్,
మార్చి 14, 1989.

తాతా,

ముక్కలు పంపకు. ఆయన నమ్మరు. నీ ఉత్తరం చదివి, ఇది కూడా ఆ పిల్ల ఆడించే నాటకమే అన్నారట. ఆఫీసు క్లర్కు ఫోన్ చేసి చెప్పాడు.

గురువారం ఉదయం బస్సులో ఆయనే ఆర్మూర్ వస్తున్నారు. దొంగ ప్రతి పట్టుకోవడానికి. సరిపోల్చి చూసుకోవడానికి నా రాతప్రతి కూడా సంచిలో తెస్తున్నారట. నాకు సెలవు దొరకలేదు.

నాతో నీకు ఎన్నాళ్ళనుంచో ఉన్న సరదా వేరు. ఆయనతో వద్దు. దండం పెడతాను. అడిగిందానికి జవాబు చెప్పు, ఊరుకో.

గంగమణి

ఆర్మూర్,
మార్చి 17, 1989.

బిడ్డా,

వచ్చిండు, పోయిండు. అన్ని వరుసగ చెప్త, నడుమ నడుమ తిట్టకుంట చదువు.

పదకొండింటికి బస్సు దిగిండు. తెల్లబట్టలు, చేతుల సంచి. గంజ్ అంత నిండి ఉన్నది, బండ్ల నడుమకెళ్లి వచ్చేసరికి అంగీ పచ్చగైంది. నువ్వు చెప్పినట్టే మాట తక్కువ మాట్లాడిన. కుర్చీ వేసిన, మంచినీళ్లు ఇచ్చిన, నాలుగు ముక్కలు ముంగట పెట్టిన. ముందటి ముక్క, వెనుకటి ముక్క పక్కపక్కన పెట్టి, తెగిన కాడ దారాలు చూపిచ్చిన. ఆయన తిప్పి తిప్పి చూసిండు. ఇది రెండో పుస్తకం కాదని నాకెట్ల తెలుస్తది అన్నడు.

నాకు గప్పుడు అనుమానం వచ్చింది. అద్దం ముచ్చట మొదటి పుస్తకంలదే గదా, అచ్చు వేసినోనికి గంత తెల్వదా? అడుగుదామంటే నువ్వు నోరు మూస్కొమ్మన్నవు. నేను అడగలే. సాయవ్వ అడిగింది.

ఆమె బువ్వ గిన్నె పట్టుకొని వచ్చి ఆయన ముంగట కూసున్నది. పుస్తకం అచ్చు వేసింది ఈయననే అని చెప్పిన. ఆమెకు నెల సంది ఉన్న కోపం అంత బయటికొచ్చింది.

“ఏమయ్యా, గా పిల్లను అద్దం కాడ నిలబెట్టి ఎటు పోయినవు? నెల దినాల సంది నిలబడే ఉన్నది.”

ఏ పిల్ల అన్నడు సేటు.

ఇగ చూడు. పక్కపొంటి ఖయ్యూమ్ వచ్చిండు, భోజన్న కాంటా ఇడిసిపెట్టి వచ్చిండు, బడి ఇడిసే యాళ్లకు హబీబున్నీసా టీచర్ సుత వచ్చింది. పిల్ల ఎవరో తెల్వదా అని అందరు ఒక్క తీరుగ అడిగిండ్రు. ఆయన మొఖం చూస్తే నాకే జాలి అనిపించింది. లెక్క ప్రకారం నలభై కార్డులు అడిగిండు గని, పుస్తకం మాత్రం తెరువలే. అచ్చు వేసిండు, అట్ట బొమ్మ చూసిండు, గంతే.

అయితే చెప్పుండ్రి, కథ ఏంది అన్నడు. సాయవ్వ మొదలుపెట్టింది. ఆమె విహారిని తిట్టుకుంట చెప్పింది. భోజన్న అడ్డం పడి, గట్ల కాదు, వాడు కావాలని దాయలే, తను సచ్చిన సంగతి వానికే తెల్వదు అన్నడు. ఖయ్యూమ్ వాడు అబద్ధాలకోరు అన్నడు. టీచర్ నిలుసుండే విన్నది, ఆఖర్న ఒక్క మాట అన్నది. మందాకినికి ముందే తెల్సు, తెల్సి సుత అద్దం దిక్కు చూడకుంట ఇన్ని దినాలు ఉన్నది అన్నది. నువ్వు గట్లనే రాసినవా, బిడ్డా? నాకైతే చదివినప్పుడు తట్టలే.

రెండు గంటలు లొల్లి. కాంటా కాడ రైతులు భోజన్న కోసం ఒర్రుతున్నరు. సేటు కుర్చీల ముందుకు వంగి వింటున్నడు. అద్దం కాడికి వచ్చేసరికి సాయవ్వ ఆగింది. తర్వాత అన్నడు ఆయన. తర్వాత లేదు, నీ సంచిల ఉన్నది అన్నది ఆమె.

ఆయన సంచిల చెయ్యి పెట్టిండు, మల్ల తీసిండు. మా ముంగట ఇప్పుడు ఇష్టం లేక కావచ్చు. బస్సు యాళ్లయింది అని లేచిండు. నేను బస్టాండ్ దాక పోయిన. కిటికీ పక్క సీటుల కూసుండుడే ఆలస్యం, కట్ట ఇప్పి చదువుడు షురు చేసిండు. పోయొస్త అని సుత అనలే.

అచ్చు వేస్తడా లేదా చెప్పలే. నేను అడగలే.

ఇగ నా అభిప్రాయం. డిసెంబర్ సంది అడుగుతున్నవు. నాకు పుస్తకం మంచిగున్నది. కొండలు, మంచు వట్టిదే. గా బంగ్లాల పియానో వట్టిదే. గా పిల్ల మాత్రం నిజం. గిదే మాట మొదలే రాస్తే అయిపోవు. మనింటి పిల్ల రాసింది గదా, మంచిగుందంటే ఎట్లనో సిగ్గయింది.

తాత

హైదరాబాద్,
ఏప్రిల్ 2, 1989.

తాతా,

గంగాదాస్ గారు నిన్న ఎక్స్ఛేంజ్‌కే వచ్చారు. గేటు దగ్గర నిలబడి మాట్లాడారు. రాతప్రతి అయ్యేదాకా తల ఎత్తలేదట. దిగాల్సిన స్టాప్ దాటిపోయిందట. క్షమించమని అడగలేదు. ఆయన అడిగే మనిషి కాదు. జూన్‌లో అచ్చు వేస్తానన్నారు. నా సొంత పేరుతో వేయమన్నాను. కింద ఆర్మూర్ అని కూడా వేయమన్నాను. సరేనన్నారు.

ఆ తర్వాత గొడవ పెట్టుకున్నారు. రెండో పుస్తకం కూడా సగంలోనే ఆగిందట. మందాకిని అద్దం వెనక తలుపు తెరుస్తుంది, లోపల ఏముందో చెప్పకుండా ఆపేశాను. ఇది ఏం పద్ధతి అని ఖయ్యూమ్ గారి లాగానే అడిగారు. మూడోది ఎప్పుడిస్తావు, తలుపు వెనక ఏముంది, ఇక్కడే చెప్పు, నేను ఎవరికీ చెప్పను అన్నారు. రాస్తున్నానండీ అన్నాను.

నీకు మాత్రం నిజం చెబుతున్నాను. మూడోది ఒక్క పేజీ కూడా రాయలేదు. నెల రోజులుగా కాగితం ముందు కూర్చుని లేస్తున్నాను. టీచరమ్మ తీర్పు చదివాక అంతకు ముందు అనుకున్నదంతా అబద్ధంలా ఉంది. మందాకినికి ముందే తెలుసన్న మాట నేను రాయలేదు తాతా. ఆమె చెప్పాకే నాకూ తెలిసింది. ఆ తలుపు వెనక ఏముందో నాకు తెలియదు.

గంగమణి

ఆర్మూర్,
ఏప్రిల్ 8, 1989.

గంగమణీ,

నీ ఉత్తరం దుకాణంల గట్టిగ చదివిన. రాసిన పిల్లకే తెల్వదా అని ఖయ్యూమ్ రెంచి కింద పడేసిండు. భోజన్న నిన్ను నమ్ముతలేడు, దాస్తున్నది అంటున్నడు.

హబీబున్నీసా టీచర్‌కు ధర్పల్లికి బదిలీ అయింది. జూన్ల పోతది. గాడ పుస్తకాల దుకాణం లేదు. నీ సంగతి ఆమెకు సుత చెప్పిన. పోయేటప్పుడు, తెల్వకుంటనే రాయమను, నేను సుత గట్లనే ఉన్న ఏడేండ్ల సంది, అన్నది.

రాసిన పేజీ రాసినట్టే నాకు పంపు. ముందుగాల ఆమెకే చూపిస్త.

తాత